సవరణ: వేడిని తట్టుకునే ఎంజైములు

వేడినీటి బుగ్గల సూక్ష్మజీవులపై పెట్టిన పోస్టులో “టాక్ పాలిమరేస్ ఎంత మరిగించినా చెక్కుచెదరదు” అని ఉంది. (టాక్ పాలిమరేస్ అంటే అలాంటి ఒక బ్యాక్టీరియా నుంచి తీసిన, డీఎన్ఏ నకళ్లు తయారుచేసే ఎంజైమ్.) దాన్ని ఇలా సవరించి చదవండి: 95 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 40 నిమిషాల్లో దాని చురుకుదనం సగానికి పడిపోతుంది. పీసీఆర్‌లో (డీఎన్ఏను విడతలు విడతలుగా వేడిచేసి, చల్లార్చి నకళ్లు పెంచే పద్ధతి) ఒక్కో విడతలో ఆ వేడి తగిలేది కొన్ని సెకన్లే కాబట్టి 30 విడతలైనా నెట్టుకొస్తుంది. ల్యాబ్‌లో ఉన్న విద్యార్థులకు ఇది ముఖ్యం. విడతలు మొదలయ్యే ముందు ఇచ్చే మొదటి వేడిని అనవసరంగా పొడిగిస్తే ఎంజైమ్ బలం అక్కడే తరిగిపోతుంది.

ఇంకొకటి. ఈ జీవుల ప్రొటీన్లలో వేరే రకం అమైనో ఆమ్లాలేమీ ఉండవు, మనలో ఉన్న ఆ 20 రకాలే. ఇటలీలోని వల్కానో దీవి దగ్గర దొరికిన, మరిగే నీటంత వేడిలో పెరిగే సూక్ష్మజీవి పైరోకాకస్ ఫ్యూరియోసస్‌నే తీసుకోండి. దాని గ్లూటమేట్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైమ్ 100 డిగ్రీల్లో సగం చురుకుదనం పోగొట్టుకోవడానికి దాదాపు 12 గంటలు పడుతుంది! మామూలు వేడిలో బతికే క్లాస్ట్రిడియం అనే బ్యాక్టీరియాలోని ఇదే ఎంజైమ్‌తో పోలిస్తే మడత (ప్రొటీన్ గొలుసు ముడుచుకునే ఆకారం) దాదాపు ఒకటే. తేడా ఎక్కువగా ఆ ఎంజైములోని ఆరు ఉపభాగాలు (విడివిడి ప్రొటీన్ గొలుసులు) కలిసే చోట కనిపిస్తుంది: అక్కడ ధన, రుణ ఆవేశాలున్న అమైనో ఆమ్లాలు జంటలుగా ఆగిపోకుండా వలలా అల్లుకుని ఉంటాయి. అయితే వేడిని తట్టుకునే ప్రతి ఎంజైమూ ఇదే దారి పట్టదు. కొన్నింటిలో లోపలి భాగం మరింత బిగువుగా ఉంటుంది, కొన్నింటిలో వదులుగా వేలాడే లూపులు (గొలుసులోని వంపులు) పొట్టివి.