కువైట్ వెళ్ళే పిల్లకు 'సౌఫ' దేనికి?

మాట్లాడే అరబ్బీ నేర్పుతామని చెప్పి, కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళబోతున్న ఆడపిల్ల దగ్గర ఫీజు కట్టించుకుని, చివరికి ఆ పిల్ల చేత 'సౌఫ అద్‌హబు గదన్' (రేపు వెళ్తాను) అని గ్రాంథిక అరబ్బీలో వల్లె వేయించడం అన్యాయం. నిన్న రాత్రి రాయచోటి నుంచి మా పిన్ని కూతురు తన క్లాసు నోట్సును ఫోటోలు తీసి పంపింది. భవిష్యత్కాలం పాఠంలో 'సౌఫ అంటే ఇంగ్లీషులో విల్' అని పెద్ద అక్షరాలతో రాయించారు. దాని కింద పేజీ నిండా సౌఫ వాక్యాలే ఉన్నాయి. వాటినన్నిటినీ కంఠతా పట్టానని ఎంతో సంబరంగా చెప్పింది. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

సౌఫలో తప్పేమీ లేదు. వార్తల్లో, పత్రికల్లో, ఉపన్యాసాల్లో అది నిత్యం వినబడుతుంది, ఖురాన్‌లోనూ ఉంది. వర్తమానానికి వాడే క్రియారూపానికి ముందు 'సౌఫ' అనే మాటనో, 'స' అనే చిన్న అక్షరాన్నో చేరిస్తే గ్రాంథిక అరబ్బీలో భవిష్యత్తు అవుతుంది. 'స' దగ్గరి కాలానికి, 'సౌఫ' దూరపు కాలానికి అని నోట్సులో శాసనంలా రాశారు గానీ, అది ఇరాక్‌లోని బస్రా నగరపు పాతకాలం వైయాకరణుల మాట; 'స' అన్నది సౌఫకు కుదించిన రూపమేనని అక్కడిదే కూఫా నగరపు పండితులు వాదించారు. ఆ తగవు పండితులకు ఉండవలసిందే. కువైట్‌లో ఒక ఇంటి వంటగదిలో నిలబడిన పిల్లకు కావలసింది అది కాదు. అక్కడ 'రేపు' అంటే 'గదన్' కాదు, 'బాచిర్'. 'వెళ్తాను' అనడానికి 'రాహ్ అరూహ్' అంటారు, లేదా ఇంకా పొట్టిగా 'బరూహ్' అంటారు. ఈ 'బ' గురించి నోట్సులో ఒక్క ముక్క లేదు. ఇదే 'బ' ఈజిప్టు వాళ్ళ నోట భవిష్యత్తును కాక వర్తమానాన్ని చెబుతుంది: కైరోలో 'బక్‌తిబ్' అంటే ఇప్పుడు రాస్తున్నాననో, రాయడం అలవాటనో అర్థం, కువైట్‌లో అదే మాటకు ఇకముందు రాస్తానని అర్థం. అరబ్బీ వీడియోల్లో ఈజిప్టు మాట విరివిగా వినబడే ఈ రోజుల్లో, ముందుగా చెప్పవలసిన సంగతి ఇదే కదా!

పోనీ, నేర్పిన గ్రాంథికమైనా సరిగా నేర్పారా అంటే అదీ లేదు. 'వెళ్ళను' అనడానికి 'సౌఫ లన్ అద్‌హబ' అని రాయించారు. 'లన్' అనే మాటలోనే నిషేధమూ భవిష్యత్తూ రెండూ ఉన్నాయి, కాబట్టి దాని పక్కన సౌఫ నిలవదని సంప్రదాయ వ్యాకరణం చెబుతుంది. పైగా లన్ వస్తే క్రియ చివరి 'ఉ'కారం 'అ'కారంగా మారుతుంది. తెలుగు పిల్లకు ఇది అర్థం కావడానికి ఎంతసేపు పడుతుంది? 'వెళ్తాను'లో ఉన్న 'తా' మనం కాదనగానే పోయి 'వెళ్ళను' అవుతుంది. ఆ ఒక్క పోలిక చూపిస్తే చాలు, జన్మలో మరిచిపోదు.

అసలు తెలుగువాళ్ళకు అరబ్బీ భవిష్యత్తును ఇంగ్లీషు మీదుగా తిప్పి చెప్పే ఖర్మ దేనికి? 'నేను రోజూ ఆరింటికి లేస్తాను', 'నేను రేపు ఆరింటికి లేస్తాను' అని రెండింటికీ మనం ఒకే క్రియ వాడతాం. అరబ్బీలోనూ అంతే, వర్తమానానికి వాడే ఆ క్రియారూపం, దాని పేరు ముదారీ, ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. సందర్భం తెలుస్తూ ఉంటే సౌఫ అక్కరలేదు. ఖురాన్‌లో కహఫ్ అనే సూరా (అధ్యాయం) 23, 24 ఆయతుల్లో (వాక్యాల్లో), అల్లా తలిస్తే అని కలపకుండా 'రేపు ఇది చేస్తాను' అని ఎన్నడూ అనవద్దని ఆజ్ఞ ఉంది. ఆ 'చేస్తాను' అన్న చోట సౌఫ లేదు, స లేదు, 'చేసేవాడిని' అనే ఫాఇల్ రూపం ఉంది. ఇక 'రాహ్' అంటే మూలార్థం పోవడమే. మన 'చేయబోతున్నాను'లో ఉన్నది కూడా 'పోవు' ధాతువే. ఇంత దగ్గరి దారి ఇంట్లోనే పెట్టుకుని, 'విల్', 'షల్' అంటూ, ఇంగ్లీషు సరిగా రాని పిల్లను రెండు భాషల మధ్య నలిపివేస్తున్నారు.

నాకు ఈ క్లాసుల మీద ఇంతకన్నా పాత కోపం ఒకటి ఉంది. తక్కిన నోట్సు నిండా ఉన్నవి జీబీ, రూహీ, తఆలీ: తీసుకురా, వెళ్ళు, రా. అంటే యజమానురాలు చెప్పింది వినడానికి మాత్రమే పిల్లను తయారు చేస్తున్నారు. 2015లో కువైట్ చేసిన 68వ నంబరు చట్టం ఇంటిపనివాళ్ళకు వారానికో సెలవు, జీతంతో కూడిన వార్షిక సెలవు ఇచ్చింది. ఆ సెలవు ఎప్పుడని అడగాలన్నా, ఆగిపోయిన జీతం ఎప్పుడిస్తారని అడగాలన్నా, ఇంకొకరి ఇంటికి పనికి పొమ్మంటే వెళ్ళనని చెప్పాలన్నా భవిష్యత్కాలమే కావాలి. ఆ కాలాన్నే ఇళ్ళల్లో ఎవరూ మాట్లాడని రూపంలో నేర్పితే, ఆ పిల్ల అక్కడ నోరు ఎలా విప్పుతుంది?

కాబట్టి ఆ పాఠం చెప్పేవారిని అడుగుతున్నాను. గ్రాంథిక అరబ్బీ చదువుకునేవాళ్ళ కోసం సౌఫ పేజీని వెనక్కి జరపండి. ముందు పేజీలో ఇవి రాయించండి: 'బాచిర్ రాహ్ అఖల్లిస్', రేపు పూర్తి చేస్తాను. 'మా రాహ్ అరూహ్', నేను వెళ్ళను. 'మతా రాహ్ తఅతీనీ మఆషీ?', నా జీతం ఎప్పుడిస్తారు?