బొడిపెల మీద మందు కొట్టకండి

మామిడి ఆకుల నిండా బొడిపెలు లేచాయని కంగారుపడి మందుల దుకాణానికి పరుగెత్తే రైతులకు ఒక్క మాట చెప్పాలని ఎంతో కాలంగా అనుకుంటున్నాను. బొడిపె మీ కంటికి కనబడేసరికే పిచికారీకి అదను దాటిపోయింది.

దోమకన్నా చిన్నదైన ఒక ఈగ, ఇంకా రాగి రంగు వదలని లేత చిగురులో గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు ఆకులోకి చేరి తినడం మొదలుపెట్టగానే, దాని ప్రభావంతో చుట్టూ ఉన్న కణజాలం ఉబ్బి గూడుగా మారుతుంది. ఆ గూడు కట్టేదీ చెట్టే, లోపలి పురుగుకు తిండి పెట్టేదీ చెట్టే. వరిలో ఉల్లికోడు చూసినవారికి ఇది వింతగా తోచదు. పిలకను ఉల్లికాడలాంటి గొట్టంగా మార్చే ఈగ కూడా ఈ బొడిపె ఈగల కుటుంబానిదే. ఇందులో ఇప్పటికే 6,000కు పైగా జాతులకు పేర్లు పెట్టారు. (కానుగ ఆకుల మీది బొడిపెలు మాత్రం ఈగవి కావు, కంటికి ఆనని సాలీడు జాతి జీవి అయిన నల్లి పని, రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.)

నిరుడు మా తోటలో, ఒక దుకాణదారు మాట నమ్మి ముదురాకుల మీద రెండుసార్లు మందు కొట్టించాను. తరువాత బ్లేడుతో బొడిపెలు కోసి చూస్తే, పసుపుపచ్చని పురుగులు లోపల నిక్షేపంగా ఉన్నాయి. అంతకుముందు కోసిన కొన్ని బొడిపెల్లో ఈగ పిల్లకు బదులు నల్లని చిన్న కందిరీగ కనిపించింది. ఆ పురుగును తిని పెరిగే పరాన్నజీవి అది. అలాంటి కందిరీగలు బయటికి వచ్చి తిరిగే ఆకుల మీదే నేను విషం చల్లించానని తెలిసినప్పుడు నిజంగా బాధ కలిగింది.

కాయలు కాసే పెద్ద చెట్టు ఆకుల మీది నాలుగు బొడిపెలను తట్టుకోగలదు. పూతను పట్టే ఈగ సంగతి వేరు. దాని పురుగు పూతకాడలోనూ మొగ్గలోనూ పిందెలోనూ దూరుతుంది. కాడ వంకర తిరిగి, పిందె రాలిపోతుంది. ఆ పురుగు ఎదిగాక నేలలోకి దిగి ప్యూపాగా, అంటే రెక్కల ఈగ కావడానికి ముందు దశగా, మారుతుంది కనుక, చెట్టు కింద మట్టిని పైపైన తిరగదున్నితే అది ఎండకూ పక్షులకూ చిక్కుతుంది. పూతకు ముందు ఆ పని చేయించండి. చిగుర్లు వేసే రోజుల్లో లేతాకులను రోజూ తిప్పి చూడండి.