థాంక్స్‌గివింగ్ షాపులవాళ్ళు పుట్టించిన పండగేనా?

నవంబరు నాలుగో గురువారం అమెరికాలో థాంక్స్‌గివింగ్, అంటే కృతజ్ఞత చెప్పుకునే పండగ; మర్నాడు బ్లాక్ ఫ్రైడే, తగ్గింపు అమ్మకాల రోజు. నవంబరు మూడోవారం వచ్చిందంటే వాట్సాప్‌లో వీటిమీద ఒక మెసేజ్ మళ్ళీ లేస్తుంది. సారాంశం ఇదీ: "థాంక్స్‌గివింగ్ సరుకు అమ్ముకోవడానికి అమెరికా వ్యాపారులు పుట్టించిన పండగ. మర్నాటి బ్లాక్ ఫ్రైడే ఒకప్పుడు బానిసల్ని తగ్గింపు ధరకు అమ్మిన రోజు. సంక్రాంతి ఉన్న మనకెందుకీ గోల?" ఈసారి పంపింది మా బాబాయి. ఫోన్లో ఆయనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

బానిసల మాట శుద్ధ అబద్ధం. బానిసత్వం 1865లోనే రద్దయింది. ఆ శుక్రవారానికి 'బ్లాక్' తగిలించి వాడుకలోకి తెచ్చింది 1950, 60ల నాటి ఫిలడెల్ఫియా పోలీసులు. షాపింగ్ జనం, శనివారం ఆర్మీ-నేవీ ఫుట్‌బాల్ మ్యాచ్ జనం ఒక్కసారే ఊరిమీద పడితే, పోలీసులకు సెలవూ ఉండేది కాదు, ఊపిరీ ఆడేది కాదు. వ్యాపారులకు ఆ పేరు నచ్చక 1961లో 'బిగ్ ఫ్రైడే' అందామని చూశారు. ఎవరూ అనలేదు.

ఇక పండగ పుట్టించిందెవరు? సారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలు దేశమంతా ఒకే రోజు కృతజ్ఞత చెప్పుకోవాలని గవర్నర్లకూ అధ్యక్షులకూ ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసింది. 1863 సెప్టెంబరు 28న అధ్యక్షుడు లింకన్‌కు రాసింది. అక్టోబరు 3న ఆయన ప్రకటన ఇచ్చాడు: నవంబరు ఆఖరి గురువారం అని. అంతర్యుద్ధం నడుస్తోంది, గెటీస్‌బర్గ్ యుద్ధంలో వేలమంది నేలకూలి మూడు నెలలే అయింది. పంటలు పండినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పండి, వితంతువుల కోసం, అనాథల కోసం ప్రార్థించండి అన్నది ఆ ప్రకటన. చావింట్లో కూర్చుని మిగిలినదాన్ని తలుచుకోవడం లాంటిదది. అందులో సేల్ ఎక్కడుంది?

ఒక్క నిజం మాత్రం ఒప్పుకుంటాను. 1939లో ఆఖరి గురువారం 30వ తేదీన పడింది. క్రిస్మస్ బేరాలకు రోజులు చాలవని వ్యాపారులు మొత్తుకుంటే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పండగను వారం ముందుకు జరిపాడు. రాష్ట్రాలు రెండుగా చీలాయి. చివరికి 1941 చట్టం నాలుగో గురువారాన్ని ఖాయం చేసింది. అంటే వ్యాపారం తేదీని కదిపింది, పండగను కనలేదు. కోడిపందేల కోసమే సంక్రాంతి పుట్టిందని ఎవరైనా అంటే భీమవరంలో ఊరుకుంటారా?

ఆ మెసేజ్‌కి జవాబుగా కొందరు పెట్టే టర్కీ కోడి విందు బొమ్మ, అంటే తొలి వలసవాళ్ళూ ఆదివాసులూ కలిసి తింటున్న బొమ్మ, కూడా సగం కథే. 1620లో మేఫ్లవర్ ఓడలో ఇంగ్లండు నుంచి వలస వచ్చిన 102 మందిలో దాదాపు సగం మంది మొదటి చలికాలంలోనే పోయారు. మిగిలినవాళ్ళకు చేపల్ని ఎరువుగా వేసి మొక్కజొన్న పండించడం నేర్పింది టిస్క్వాంటమ్ అనే ఆదివాసి. 1621 విందుకు వాంపనోగ్ తెగ ఆదివాసులు 90 మంది వచ్చి అయిదు జింకల్ని తెచ్చిచ్చారు. ఆ తర్వాత వాళ్ళ భూములే పోయాయి. అందుకే 1970 నుంచి అదే గురువారం ఆ వలసవాళ్ళు స్థిరపడిన ప్లిమత్ ఊళ్ళో ఆదివాసులు సంతాపదినం జరుపుతున్నారు. కృతజ్ఞత అంటే ఎవరికి అన్న ప్రశ్న వాళ్ళది, చాలా న్యాయమైనది. హాలోవీన్‌కీ క్రిస్మస్‌కీ మధ్య నలిగిపోయే ఈ సెలవును తిట్టాలంటే అటునుంచి తిట్టాలి.

"మనకెందుకు" అన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. కనుమనాడు ఎడ్లకు దండం పెట్టే ఇంట్లో పెరిగినవాళ్ళకు ఇది కొత్తా?

బాబాయి ఓపిగ్గా అంతా విన్నారు. "సరేరా, ఆ శుక్రవారం టీవీ ఎంతకొస్తుందో కాస్త చూడు" అన్నారు.