టెన్నిస్ బంతులు గెలిచిన ఫుట్‌బాల్ సీజన్

2024 ఫిబ్రవరి 21న జర్మనీ ఫుట్‌బాల్‌లో రెండు వార్తలు వెలువడ్డాయి. కోచ్ థామస్ టుహెల్ సీజన్ ముగియగానే వెళ్లిపోతారని బయెర్న్ మ్యూనిక్ ప్రకటించింది. ప్రపంచమంతా దాని గురించే మాట్లాడుకుంది. అదే రోజు జర్మన్ లీగ్ సంస్థ డీఎఫ్‌ఎల్, తన ప్రసార హక్కుల వ్యాపారంలో వాటాను పెట్టుబడి సంస్థకు అమ్మే ప్రయత్నాన్ని విరమించుకుంటున్నట్టు చెప్పింది. పదేళ్ల తరువాత ఎవరైనా 2023–24 సీజన్‌ను తలచుకుంటే ఈ రెండో వార్తను ముందు చెప్పాలని నా అభిప్రాయం. ఒక లీగ్‌ను ఎవరు నడపాలన్న ప్రశ్నకు స్టాండ్లలో నిలబడి ఆట చూసేవాళ్లు జవాబిచ్చి, దాన్ని నిలబెట్టుకోవడం మన కాలంలో అరుదుగా జరిగే విషయం.

ఒప్పందం వివరాలు సూటిగా ఉంటాయి. మీడియా హక్కుల ఆదాయంలో 8 శాతం వరకు 20 ఏళ్ల పాటు పెట్టుబడిదారుకు ఇస్తారు. బదులుగా దాదాపు 100 కోట్ల యూరోలు వస్తాయి. మొదటి, రెండో డివిజన్లలో కలిపి 36 క్లబ్బులు ఉన్నాయి. మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి, అంటే 24 ఓట్లు. 2023 మేలో ఇలాంటి ప్రతిపాదనే వీగిపోయింది. డిసెంబరులో మళ్లీ ఓటింగు పెడితే సరిగ్గా 24 ఓట్లు పడ్డాయి. ఒక్కటి తగ్గినా పడిపోయేది.

ఆ ఒక్క ఓటు చుట్టూనే రభస మొదలైంది. జర్మనీలో క్లబ్బు అంటే ముందుగా సభ్యుల సంఘం. చందా కట్టే సభ్యులు సర్వసభ్య సమావేశంలో ఓటు వేసి తమ పెద్దలను ఎన్నుకుంటారు. 1998లో ఫుట్‌బాల్ విభాగాన్ని కంపెనీగా మార్చుకునే అవకాశం కల్పించినప్పుడు, ఓటు హక్కుల్లో సగం కంటే కనీసం ఒకటి ఎక్కువ సంఘం చేతిలోనే ఉండాలని షరతు పెట్టారు. 50+1 నియమం అంటే అదే. రెండో డివిజన్ క్లబ్బు హనోవర్ 96లో సంఘం ఈ అమ్మకానికి వ్యతిరేకంగా ఓటు వేయాలని తన ప్రతినిధి మార్టిన్ కిండ్‌కు ఆదేశం ఇచ్చింది. రహస్య బ్యాలెట్ కావడంతో ఆయన ఎటు వేశారో తేలలేదు, ఆయనా చెప్పలేదు. ఇతర క్లబ్బులు బయటపెట్టిన ఓట్లను లెక్కవేసుకున్న అభిమానులకు మాత్రం ఆదేశం అమలు కాలేదన్న అనుమానం బలపడింది. సంఘం మాటకు విలువ లేకపోతే నియమం కాగితం మీద ఉండి ఏం లాభం?

డిసెంబరులో అభిమానులు మ్యాచ్ తొలి 12 నిమిషాలు మౌనం పాటించారు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ తరువాత చాక్లెట్ నాణేలు, టెన్నిస్ బంతులు మైదానంలోకి వచ్చిపడ్డాయి. గోల్ స్తంభాలకు సైకిల్ తాళాలు వేశారు. పొగ చిమ్మే రిమోట్ బొమ్మ కార్లు పచ్చిక మీద తిరిగాయి. బెర్లిన్ ఒలింపిక్ స్టేడియంలో హెర్తా, హాంబర్గ్ మ్యాచ్ అరగంటకు పైగా ఆగిపోయింది. మ్యాచ్ ఆగిన ప్రతిసారీ నష్టం ప్రసారానికే. అమ్మకానికి పెట్టిన సరుకు కూడా ఆ ప్రసారమే. అభిమానులు ఈ సంగతి గ్రహించి, ఎవరికీ దెబ్బ తగలకుండా సరిగ్గా అక్కడే ఒత్తిడి పెట్టారు. ఒకచోట హద్దు దాటింది కూడా. హనోవర్ అభిమానులు కిండ్ ముఖాన్ని తుపాకీ గురి గుర్తు మధ్య పెట్టి బ్యానర్ చూపించారు. అది తప్పు, ఏ కారణం చెప్పినా తప్పే. అయినా మొత్తం ఉద్యమానికి అది రంగు పులమలేకపోయింది. వాటా కొనే పోటీలో ఉన్న రెండు పెట్టుబడి సంస్థల్లో బ్లాక్‌స్టోన్ తప్పుకుంది. సీవీసీ ఒక్కటే మిగిలింది. చివరికి డీఎఫ్‌ఎల్ వెనక్కి తగ్గింది.

ఆ డబ్బు వస్తే మంచిదే కదా అని అడిగేవాళ్లు ఫ్రాన్స్ వైపు చూడాలి. అక్కడి లీగ్ 2022లో ఇదే సీవీసీకి 150 కోట్ల యూరోలకు దాదాపు 13 శాతం వాటా ఇచ్చింది. రెండేళ్లకే టీవీ ఒప్పందాల విలువ పడిపోయి క్లబ్బులు కటకటలాడాయి. సీవీసీ వాటా మాత్రం ఆగలేదు. నేడు చేతికందే సొమ్ము కోసం రేపటి ఆదాయాన్ని తాకట్టు పెడితే ఏమవుతుందో అప్పులతో సంసారం ఈదిన ఏ ఇంటివాళ్లయినా చెప్పగలరు.

ఇక మైదానానికి వద్దాం. ఆ ఏడాది మైదానంలో జరిగినదీ అంతే గొప్పది.

కొలోన్‌కు పక్కనే రైన్ నది ఒడ్డున ఉన్న పారిశ్రామిక పట్టణం లెవర్‌కుజెన్. స్టేడియంలో 30 వేల మంది పడతారు. 1904లో పుట్టిన క్లబ్బు అప్పటిదాకా, దాదాపు 120 ఏళ్లలో, ఒక్కసారీ జర్మన్ లీగ్ గెలవలేదు. 2002లో లీగ్‌లో రెండో స్థానం, జర్మన్ కప్ ఫైనల్లో ఓటమి, చాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఓటమి, అన్నీ కొన్ని వారాల్లోనే మీద పడ్డాయి. గెలవడం చేతకాని జట్టన్న ఎగతాళి అప్పటి నుంచీ వెంటాడుతూనే ఉంది. 2022 అక్టోబరులో షాబి అలోన్సో కోచ్‌గా వచ్చేనాటికి జట్టు కింది నుంచి రెండో స్థానంలో ఉంది.

2023–24లో అదే జట్టు 34 మ్యాచ్‌లలో 28 గెలిచి, 6 డ్రా చేసుకుని, ఒక్కటి కూడా ఓడకుండా టైటిల్ అందుకుంది. జర్మన్ మొదటి డివిజన్ లీగ్ బుండెస్‌లిగా చరిత్రలో అలా గెలిచిన తొలి జట్టు అది. అంతకుముందు వరుసగా 11 ఏళ్లు టైటిల్ బయెర్న్ చేతిలోనే ఉంది. ఏప్రిల్ 14న వెర్డర్ బ్రెమెన్‌ను 5–0తో ఓడించి ఇంకా ఐదు మ్యాచ్‌లు మిగిలి ఉండగానే పని ముగించారు. అన్ని పోటీలూ కలిపి 51 మ్యాచ్‌లు ఓటమి లేకుండా సాగాయి.

ఈ లెక్కల కంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ జట్టు చివరి నిమిషాలు ఆడిన తీరు. ఓడిపోతున్న జట్టు సాధారణంగా ఏం చేస్తుంది? పొడవాటి బంతులు ముందుకు కొట్టి, తలలు లేపి, అదృష్టం కోసం ఎదురుచూస్తుంది. అలోన్సో జట్టు 90వ నిమిషంలోనూ పదో నిమిషంలో ఆడినట్టే ఆడేది. గ్రానిట్ జాకా మధ్యలో బంతి అందుకోవడం, ఎడమ అంచున గ్రిమాల్డో, కుడి అంచున ఫ్రింపాంగ్ మైదానాన్ని వెడల్పు చేయడం, ఫ్లోరియన్ విర్ట్జ్ ఆ ఖాళీల్లోకి జారడం, అంతా అదే ఓపికతో సాగేది. యూరప్ క్లబ్బుల రెండో స్థాయి పోటీ యూరోపా లీగ్‌లో కరాబాగ్ మీద 0–2తో వెనకబడి, పాట్రిక్ షిక్ 90 నిమిషాలు దాటాక ఇంజురీ టైమ్‌లో కొట్టిన రెండు గోల్స్‌తో 3–2గా గెలిచారు. రోమాతో సెమీఫైనల్ రెండో మ్యాచ్‌లో 97వ నిమిషంలో సమం చేశారు. డార్ట్‌మండ్‌తోనూ 97వ నిమిషమే, స్టుట్‌గార్ట్‌తో 96. ఇన్నిసార్లు జరిగినదాన్ని అదృష్టమని కొట్టేయలేం. రోమా, డార్ట్‌మండ్ మ్యాచ్‌లలో ఆ గోల్స్ కొట్టిన యోసిప్ స్టానిషిచ్‌ను బయెర్న్ ఆ ఏడాదికి అరువిచ్చింది. ఫిబ్రవరిలో బయెర్న్‌ను 3–0తో ఓడించినప్పుడు మొదటి గోల్ కూడా అతనిదే.

మే 22న డబ్లిన్‌లో యూరోపా లీగ్ ఫైనల్లో అటలాంటా ఆ పరుగును ఆపింది. లుక్‌మన్ మూడు గోల్స్ కొట్టాడు. అటలాంటా ప్రతి ఆటగాడికీ ఒకరిని కాపలా పెట్టి ఊపిరాడనివ్వలేదు. మూడు రోజుల తరువాత బెర్లిన్‌లో కైజర్స్‌లౌటర్న్‌పై జర్మన్ కప్ ఫైనల్లో సగం మ్యాచ్ పది మందితోనే ఆడి 1–0తో గెలిచారు. ఓటమి రుచి చూసిన వెంటనే కోలుకోవడం అంత తేలిక కాదు, అందుకే ఆ కప్పు నాకు లీగ్ టైటిల్ అంత విలువైనదిగా కనిపిస్తుంది.

ఇక్కడే చిక్కు ఉంది. లెవర్‌కుజెన్ సభ్యుల క్లబ్బు కాదు. మన రైతులకు పురుగుమందుల డబ్బాల మీద పరిచయమైన బేయర్ కంపెనీది. ఆ కర్మాగారం కార్మికులే 1904లో క్లబ్బును పెట్టారు. ఇరవై ఏళ్లకు పైగా నిరంతరం పోషించిన యజమానికి 50+1 నుంచి మినహాయింపు ఇచ్చారు. ఫోక్స్‌వాగన్ నడిపే వోల్ఫ్స్‌బర్గ్‌కూ అదే మినహాయింపు ఉంది. ఎనర్జీ డ్రింక్ కంపెనీ రెడ్ బుల్ నడిపే లైప్‌జిగ్ కథ వేరు. అక్కడ నియమం పేరుకు పాటిస్తూనే, ఓటు ఉన్న సభ్యుల సంఖ్యను వేళ్ల మీద లెక్కపెట్టేంత తక్కువగా ఉంచారు. అభిమానులు తమ నియమాన్ని కాపాడుకున్న సీజన్‌లోనే, ఆ నియమం వర్తించని క్లబ్బు విజేత అయింది. 50+1ను వ్యతిరేకించేవాళ్లు దీన్నే పట్టుకుంటారు: బయెర్న్‌ను దించాలంటే కంపెనీ అండ కావాలి కదా అని.

నేను ఆ వాదనను ఒప్పుకోను, అలాగని తోసిపుచ్చి ముందుకు పోను కూడా. కంపెనీ అండ లెవర్‌కుజెన్‌కు దశాబ్దాలుగా ఉంది, టైటిల్ మాత్రం రాలేదు. ఆ ఏడాది తేడా తెచ్చింది సరైన కోచ్, తెలివైన కొనుగోళ్లు. గ్రిమాల్డో బెన్‌ఫికాతో ఒప్పందం ముగిశాక బదిలీ రుసుము లేకుండానే వచ్చాడు. పైగా బయెర్న్‌ను వెనక్కి నెట్టినది లెవర్‌కుజెన్ ఒక్కటే కాదు. అంతకుముందు ఏడాది ప్లేఆఫ్‌లో హాంబర్గ్‌ను ఓడించి మొదటి డివిజన్‌లో బతికి బయటపడ్డ స్టుట్‌గార్ట్ 73 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది. బయెర్న్‌కు 72. హ్యారీ కేన్ 36 గోల్స్ కొట్టినా చేతికి కప్పు రాలేదు. దాదాపు 50 వేల జనాభా ఉన్న హైడెన్‌హైమ్ తొలిసారి పెద్ద డివిజన్‌లో ఆడుతూ ఎనిమిదో స్థానంలో నిలిచింది. అక్కడ 2007 నుంచీ ఫ్రాంక్ ష్మిట్ ఒక్కరే కోచ్. ఏప్రిల్‌లో బయెర్న్ మీద 0–2 నుంచి 3–2కు వచ్చి గెలిచారు. మూడో డివిజన్ జట్టు జార్‌బ్రూకెన్ జర్మన్ కప్‌లో బయెర్న్‌ను ఇంటికి పంపి సెమీఫైనల్ దాకా వెళ్లింది.

సభ్యుల చేతిలో ఉన్న క్లబ్బు వెనకబడక తప్పదన్న మాటకు డార్ట్‌మండ్ కూడా జవాబిచ్చింది. లీగ్‌లో ఐదో స్థానంతో సరిపెట్టుకున్నా, ఖతార్ సొమ్ముతో నడిచే పారిస్ సాంజెర్మాను రెండు సెమీఫైనల్ మ్యాచ్‌లలోనూ 1–0తో ఓడించి చాంపియన్స్ లీగ్ ఫైనల్ చేరింది. వెంబ్లీలో రియల్ మాడ్రిడ్ చేతిలో 0–2తో ఓడింది. అయితే ఆ ఫైనల్‌కు మూడు రోజుల ముందు ఆయుధాల తయారీ సంస్థ రైన్‌మెటాల్‌తో స్పాన్సర్ ఒప్పందం ప్రకటించింది. చాలామంది సభ్యులు నొచ్చుకున్నారు. ఓటు ఉన్నంత మాత్రాన రోజువారీ నిర్ణయాలన్నీ సభ్యుల చేతికి రావని అక్కడ తేలిపోయింది.

దేశవాళీ ఆటలో గెలుపు ఇన్ని ఊళ్లకు పంచడం జాతీయ జట్టుకు కలిసొచ్చింది. 2023 సెప్టెంబరులో జపాన్ చేతిలో 1–4తో ఓడి కోచ్ హాన్సి ఫ్లిక్‌ను తొలగించారు. యూలియన్ నాగెల్స్‌మన్ వచ్చాక కూడా నవంబరులో టర్కీ, ఆస్ట్రియా చేతుల్లో ఓటములే. మార్చిలో ఆయన పేర్లను పక్కన పెట్టి ఫామ్‌ను చూశారు. గోరెట్జ్‌కా, హుమెల్స్ లాంటివారు బయట ఉండిపోయారు. స్టుట్‌గార్ట్ నుంచి మిట్టెల్‌స్టెట్, ఆంటన్, ఉండావ్, ఫ్యూరిక్ వచ్చారు. లెవర్‌కుజెన్ నుంచి విర్ట్జ్, టా, ఆండ్రిక్ ఉన్నారు. జాతీయ జట్టు నుంచి రిటైరైన టోనీ క్రూస్‌ను వెనక్కి పిలిచారు. లియోన్‌లో ఫ్రాన్స్ మీద విర్ట్జ్ ఎనిమిది సెకన్లలోపే గోల్ కొట్టాడు. సొంతగడ్డ మీద యూరో కప్‌లో స్కాట్లాండ్‌ను 5–1తో ఓడించి మొదలుపెట్టి, క్వార్టర్ ఫైనల్లో స్పెయిన్‌తో అదనపు సమయంలో 119వ నిమిషం గోల్‌కు 1–2తో ఓడారు. కుకురెయా చేతికి బంతి తగిలినా పెనాల్టీ ఇవ్వకపోవడం మీద వాదన ఇంకా ఆగలేదు. నా దృష్టిలో ఆ జట్టు కనీసం సెమీఫైనల్‌కు తగినది. అంతకు ఏడాది ముందు దేశం తలదించుకున్న జట్టు అది.

జాతీయ సమాఖ్య మాత్రం అదే మార్చిలో ఆడిడాస్‌ను వదిలి 2027 నుంచి నైకీతో వెళ్తామని ప్రకటించింది. 1954 ప్రపంచ కప్ నాటి నుంచీ ముడిపడిన బంధం అది. ఒక మంత్రి బహిరంగంగా బాధపడ్డారు. సమాఖ్యకు డబ్బు అవసరం ఉంది, నిర్ణయం తీసుకుంది. ఇక్కడ అభిమానిని అడిగే పద్ధతే లేదు.

అడిగే పద్ధతి లేకపోతే ఎలా ఉంటుందో హైదరాబాద్‌కు బాగా తెలుసు. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, సరిగ్గా ఈ 2023–24 సీజన్‌లోనే జీతాల బకాయిలతో ఆటగాళ్లను పోగొట్టుకుని పట్టికలో చిట్టచివర నిలిచింది. తరువాత యాజమాన్యం మారింది. 2025లో జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలి స్టేడియంలో కేకలు వేసిన కుర్రాళ్లకు ఈ మూడు దశల్లో ఒక్కదానిలోనూ మాట్లాడే చోటు లేదు. జర్మన్ నమూనాను యథాతథంగా తెచ్చి ఇక్కడ నాటలేం. కానీ క్లబ్బును ఊరి నుంచి కదిలించాలంటే ఊరివాళ్ల సమ్మతి కావాలన్న ఒక్క షరతు పెట్టడానికి వందేళ్ల చరిత్ర అక్కరలేదు.

జర్మనీలోనూ పని సగమే అయింది. స్టుట్‌గార్ట్ రెండో స్థానంలో నిలిచిన వేసవిలోనే దాని గోల్స్ వీరుడు గిరాసీని, కెప్టెన్ ఆంటన్‌ను డార్ట్‌మండ్, డిఫెండర్ ఇటోను బయెర్న్ తీసుకెళ్లాయి. మరుసటి ఏడాది టైటిల్ మళ్లీ బయెర్న్‌కే వెళ్లింది. 2025 వేసవికి అలోన్సో రియల్ మాడ్రిడ్‌కు, విర్ట్జ్ లివర్‌పూల్‌కు, టా బయెర్న్‌కు వెళ్లిపోయారు. టీవీ సొమ్ములో పెద్ద వాటా పైవాళ్లకే పోతున్నంత కాలం ఇలాగే జరుగుతుంది. పెట్టుబడిదారును ఆపిన అభిమానులు ఇప్పుడు ఈ పంపకం మీద అదే పట్టుదల చూపాలి. 2025లో జర్మనీ పోటీ నియంత్రణ సంస్థ కూడా 50+1ను అందరికీ ఒకేలా అమలు చేయాలని, లెవర్‌కుజెన్, వోల్ఫ్స్‌బర్గ్ మినహాయింపులు శాశ్వతంగా సాగకూడదని, లైప్‌జిగ్ లాంటి చోట సభ్యత్వం అభిమానులకు తెరిచి ఉండాలని అభిప్రాయపడింది. డీఎఫ్‌ఎల్ దీనికి గడువు పెట్టి పని మొదలుపెట్టాలి. 2024 ఏప్రిల్‌లో మైదానంలోకి దూకి ఆనందించిన లెవర్‌కుజెన్ అభిమానులకు కూడా ఆ క్లబ్బు భవిష్యత్తు మీద ఓటు ఉండాలి.