ఈ-శ్రమ్ కార్డు సారుకు, కర్నూలు నుంచి

మాలాంటి అసంఘటిత కార్మికుల పేర్లు రాసుకొని కేంద్ర సర్కారు ఇచ్చే మహారాజశ్రీ ఈ-శ్రమ్ కార్డు సారుకు, రాజ్‌విహార్ దగ్గర అద్దె ఆటో తోలుకుంటా, సాయంత్రం పూట యాప్ పార్సిళ్లు మోసేవాడు నమస్కారాలతో రాసుకొనేది.

మీరు క్షేమమని తెలుసు. లామినేషన్ చేయించి బీరువాలో పట్టుచీరల కింద పెట్టినాం. ఇంట్లో అంత సుఖంగా ఉండేది మీరొక్కరే.

మాకు 2020 మార్చి 25న కరోనా లాక్‌డౌన్‌తో పని ఆగింది. మీరు పుట్టింది 2021 ఆగస్టు 26న. పెద్దోళ్లు కదా, నింపాదిగానే వస్తారు. ఆ ఏప్రిల్‌లో కేసుల్లో రాష్ట్రానికే ముందు మన కర్నూలు జిల్లా. కొండారెడ్డి బురుజు కాడికి బండి తీస్తే లాఠీ. నిలబెట్టిన ఆటోకు బ్యాటరీ దిగిపాయ. సీటు కింద ఎలుక చేరి, స్పాంజి పీకి, పిల్లల్ని పెట్టింది. ఆ లాక్‌డౌన్‌లో నా బండిని నమ్ముకొని బాగుపడింది అదొక్కటే. ఓనరు మాత్రం నిలబడిన రోజులకు కూడా బాడిగ రాసిపెట్టుకున్నాడు.

జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం వాహనమిత్ర కింద 10,000 రూపాయలు వేసింది. సొంత బండి సొంతంగా తోలుకునేవాళ్లకు. నాకు రాలా, బండి బాడిగకిచ్చిన ఓనరుకూ రాలా. మా ఇద్దరి మధ్య సమానత్వం వచ్చింది ఆ ఒక్కసారే. తోపుడు బండ్లోళ్లకు కేంద్రం కూడా 10,000 అనింది, కాకపోతే అప్పు!

ఇప్పుడు అసలు సంగతి. మీ దగ్గర పేరు రాయించుకోవాలంటే నాకు కంపెనీ ఉద్యోగులకుండే ఈఎస్ఐ బీమా, పీఎఫ్ ఉండకూడదు. సంతోషంగా లేవని చెప్పినా. పని పోయినోళ్లకు డబ్బిచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఒకటుంది. సగటు రోజు కూలిలో సగం, 90 రోజుల దాకా ఇస్తారు. అది కావాలంటే ఈఎస్ఐ ఉండాలంట. అంటే నా పని ఎప్పుడైనా పోవచ్చని మీకు బాగా తెలుసు, అందుకే నన్ను ఆ వరసలో నిలబెట్టలేదు.

అమెరికాలో ఆ 2020లోనే సొంత పని చేసుకునేవాళ్లకు, యాప్ బండ్లోళ్లకు కూడా నిరుద్యోగ భృతి ఇచ్చినారు. దాని మీద జూలై ఆఖరు దాకా వారానికి 600 డాలర్లు అదనం. స్టాండులో ఈ మాట చెప్తే మావాళ్లు నవ్వి టీ చెప్పినారు, నన్నే డబ్బులియ్యమన్నారు.

మన దగ్గర కూడా చట్టం వచ్చింది, కాదనను. సామాజిక భద్రత కోడ్ 2020లో చేసినారు, 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చినారు. యాప్ కంపెనీలు టర్నోవరులో 1 నుంచి 2 శాతం మాకోసం కట్టాలంట. బాగానే ఉంది. అందులో ప్రమాదానికి ఉంది, కాన్పుకు ఉంది, ముసలితనానికి ఉంది, పిల్లల్ని చూసుకునే క్రెష్ కూడా ఉంది. పని ఆగిపోతే అన్నది మాత్రం పేరు పెట్టి రాయలా. "ఇంకేదైనా ప్రయోజనం" అని చివర్లో ఒక ముక్క ఉంది. అందులో మేం ఇరుక్కోవచ్చేమో.

మీ ఫారంలో ఆధార్, బ్యాంకు ఖాతా, చదువు, నామినీ అన్నీ అడిగినారు. నామినీ దగ్గర మా ఆవిడ పేరు చెప్తే కంప్యూటరు పిల్లోడు రెండుసార్లు స్పెల్లింగు అడిగి మరీ కొట్టినాడు. నేను పోతే ఎవరికియ్యాలో అంత జాగ్రత్త!

ఒకటే మనవి. ఇంకో రోగమో వరదో వచ్చేలోగా, బండి ఆగిన రోజులకు బాడిగ అడగొద్దని మా ఓనరుకు ఒక ముక్క రాయండి. మీ నెత్తిన సర్కారు ముద్ర ఉంది, నా మాట కంటే మీ మాటకు విలువెక్కువ. ఆయన పొద్దున ఏడుకల్లా స్టాండులో ఉంటాడు.

ఇట్లు,
మీ కార్డు మీది 12 అంకెల మనిషి