ఏఆర్‌టీ సెంటర్‌లో అడగాల్సిన మరో ప్రశ్న

మాత్రలు వేళకు వేసుకుంటున్నారా, దగ్గు ఉందా, బరువు తగ్గారా? హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు వచ్చినవాళ్లను అడిగే ప్రశ్నలివి. "ఈమధ్య మతిమరుపు పెరిగిందా?" అని కూడా ప్రతిసారీ అడగాలని నా వాదన.

హెచ్‌ఐవీ మెదడునూ దెబ్బతీస్తుంది. అది మెదడుకు ఎప్పుడు చేరుతుందో మనుషుల్లో పట్టుకోవడం కష్టం. సోకిన రోజు ఏదో చాలామందికి తెలియనే తెలియదు. కోతుల్లో ఆ రోజు తెలుసు. హెచ్‌ఐవీకి దగ్గరి చుట్టమైన ఎస్‌ఐవీని మకాక్ కోతులకు ఎక్కిస్తే, రోజుల్లోనే అది మెదడులో కనిపించింది. నాడీకణాల జోలికి నేరుగా పోదు. రక్తంలోని మోనోసైట్లనే తెల్లకణాల్లో దాక్కుని లోపలికి వెళ్లి, మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా అనే కణాల్లో తిష్ఠ వేస్తుంది. ఆ కణాలు వదిలే విషాలకు, వాపుకు పక్కనున్న నాడీకణాలు దెబ్బతింటాయి. మందులతో రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గిన కోతుల మెదడులో కూడా దాని డీఎన్‌ఏ మిగిలే ఉంది. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండలేకపోతున్నది అందుకే.

"మన దేశంలో ఎక్కువగా ఉన్నది హెచ్‌ఐవీలో సి రకం, అది మెదడును అంతగా పాడుచేయదు" అనే మాట ఉంది. దాని వెనక నిజమైన పరిశోధనే ఉంది. వైరస్‌లోని టాట్ అనే ప్రొటీన్‌లో 31వ స్థానంలో ఉండాల్సిన సిస్టీన్ అనే అమైనో ఆమ్లం, మన సి రకంలో ఎక్కువగా సెరీన్ అనే మరో అమైనో ఆమ్లంగా మారింది. అలా మారిన టాట్ మోనోసైట్లను అంతగా ఆకర్షించదని బెంగళూరులో ఉదయ్‌కుమార్ రంగా బృందం 2004లో చూపింది. 2008లో రోగనిరోధక శక్తి లేని ఎలుకల మెదడులోకి హెచ్‌ఐవీ సోకిన మనిషి కణాలు ఎక్కించి, నీళ్లు నింపిన చిక్కుదారుల్లో వదిలారు. నీటి కింద దాచిన మెట్టు ఏ దారి చివర ఉందో గుర్తుపెట్టుకుని ఈదాలి. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా ఉండే బి రకం ఎక్కించిన ఎలుకలు ఎక్కువ తప్పులు చేశాయి, సి రకంవి తక్కువ.

తక్కువే, సున్నా కాదు. పైగా ఎలుక తప్పు దారిలో ఈదడం వేరు, కూలి లెక్క మర్చిపోయే మనిషి బాధ వేరు. దక్షిణాదిలో పేషెంట్లను వివరంగా పరీక్షించినప్పుడు తీవ్రమైన డిమెన్షియా అరుదుగానే కనిపించినా, జ్ఞాపకంలో, పని వేగంలో లోటు చాలామందిలో బయటపడింది. మతిమరుపు వస్తే మాత్రలు తప్పుతాయి, మాత్రలు తప్పితే వైరస్ మళ్లీ లేస్తుంది.

చదువు రానివాళ్లకూ పనికొచ్చే చిన్న పరీక్ష ఉంది. నాలుగు మాటలు చెప్పాలి. తర్వాత బొటనవేలు, చూపుడువేలు ఎంత వేగంగా తాకించగలరో చూడాలి. పిడికిలి, అరచేయి, చేతి అంచు వరసగా బల్ల మీద పెట్టమనాలి. చివర్లో ఆ నాలుగు మాటలు మళ్లీ అడగాలి. దీనికి స్కానింగ్ అక్కర్లేదు, కౌన్సెలర్‌కు కొద్ది నిమిషాల పని.