మ.రా.రా.శ్రీ హింటు గారికి

ఉభయకుశలోపరి అని రాయాలనే ఉంది గానీ, ఈ వైపు కుశలం ఏమీ లేదు. చేతుల నిండా దోమకాట్లు, చొక్కా నిండా కొబ్బరి మట్టల దుమ్ము. మొన్న ఆదివారం మధ్యాహ్నం మొత్తం ముక్తేశ్వరం అవతల ఓ కాలువ గట్టు మీద గంగలో కలిసిపోయింది. తమరు మాత్రం ఫోను తెర మీద చెక్కు చెదరకుండా ఉన్నారు. తమరి కొలువు జియోకాషింగ్ అనే ఆటలో కదా: ఒకరు ఎక్కడో ఓ డబ్బా దాచి దాని అక్షాంశ రేఖాంశాలు నెట్‌లో పెడతారు, మిగతావాళ్లు జీపీఎస్ పట్టుకుని వెతికి, అందులోని లాగ్ కాగితం మీద సంతకం పెట్టి వస్తారు. వెతికేవాడికి సాయంగా డబ్బా పెట్టినవాడు రాసే గుర్తు తమరు. ఏమని? "వంగిన కొబ్బరి చెట్టు." మూడే మూడు మాటలు.

అయ్యా, కోనసీమలో కొబ్బరి చెట్టు గుర్తు చెప్పడమంటే తిరుమల కొండ మీద గుండు గుర్తు చెప్పడమే. ఆ సంగతి తమరి చెవిన ఎవరూ వెయ్యలేదా?

పైగా ఈ మూడు మాటలకి ఎంత గుట్టు! ఇంగ్లీషు అక్షరాలని పదమూడేసి గళ్లు పక్కకి జరిపి, ఏ ఉండాల్సిన చోట ఎన్, బి ఉండాల్సిన చోట ఓ పెట్టి తమరిని ఘోషాలో ఉంచారు. ఓపిక చచ్చినవాడే నొక్కి చూడాలి, చూడకుండా డబ్బా పట్టుకుంటే అదో గొప్ప. నేనూ పౌరుషానికి పోయి చాలాసేపు నొక్కలేదు. మంచినీళ్ల సీసా ఖాళీ అయ్యాక ఇక తప్పక నొక్కితే తమరు దర్శనమిచ్చారు. ముసుగులో ఉన్నప్పుడే నయం. అర్థం కాని ఆ అక్షరాల వెనక ఏదో ఉందన్న ఆశయినా ఉండేది.

చిన్న లెక్క చెబుతాను, కోపం తెచ్చుకోకండి. ఆకాశం బాగా కనిపించే చోట ఫోనులో జీపీఎస్ ఓ అయిదు మీటర్ల తేడాతో చోటు చూపిస్తుంది. ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చే సిగ్నల్ అది. అంత దూరం నుంచి వచ్చి అయిదు మీటర్లు అటూ ఇటూ అయితే దానికి దండం పెట్టాలి గానీ తిట్టకూడదు. కానీ తోటలో ఆకాశం ఎక్కడుంది? మట్టల కింద ఆ బాణం కాసేపు కాలువలోకి దూకమంది, కాసేపు అవతలి రొయ్యల చెరువులో దిగమంది. తేడా పదిహేను మీటర్లు అనుకుందాం. కొబ్బరి మొక్కలు ఎనిమిది మీటర్ల ఎడంతో వేస్తారు. అంటే ఆ చుట్టులో పదకొండు చెట్లు పడతాయి. సరిగ్గా ఇక్కడే హింటు అవసరం. పదకొండింటిలో ఏదో చెప్పమనే తమరికి ఆ ఉద్యోగం ఇచ్చారు. తమరేమో పదకొండింటికీ సరిపోయే మాట ఒకటి చెప్పి కూర్చున్నారు.

"వంగిన" అన్నాను కదా అంటారేమో. కాలువ గట్టు మీద నిటారుగా నిలబడ్డ చెట్టు ఒక్కటి చూపించండి. వెలుతురు కోసం ప్రతిదీ నీళ్ల మీదికే ఒరుగుతుంది. ఒడ్డు కోసుకుపోయి మొదలు జారినవి కొన్ని. ఇక 1996 నవంబరు 6 తుపాను ఈ తోటల్ని పడుకోబెట్టేసిన రాత్రి పడకుండా మిగిలినవి ఉన్నాయి చూశారూ, అవి ఇప్పటికీ వంగిన నడుంతోనే కాపు కాస్తున్నాయి. వాటి కింద నిలబడి "వంగిన చెట్టు ఏది" అని వెతకడం నా వల్ల కాలేదు. ఒక దశలో అన్నీ కలిసి నా మీదికే వంగి నవ్వుతున్నాయనిపించింది.

తమరి సహోద్యోగుల మీద కూడా ఫిర్యాదులున్నాయి, క్లుప్తంగా చెబుతాను. కష్టం అయిదులో ఒకటిన్నర అని వేసిన ఆ చుక్కలు ఎవరు వేశారో గానీ వాళ్లు మధ్యాహ్నం రెండింటికి వచ్చి వెతకాలి. లాగ్ కాగితాలు వానాకాలం తర్వాత అప్పడాల పిండే. డబ్బాలో కొత్త కీచైను పెట్టి వస్తే అది తీసుకుని దాని బదులు తుప్పుపట్టిన పిన్నీసు పెట్టిన మహానుభావుడికి ఒక నమస్కారం. డబ్బాలో పెన్ను మాత్రం ఎప్పుడూ ఉండదు.

సరే, తమరి దగ్గరికే వస్తాను. ఈ ఆటకి ఆదిపురుషుడు డేవ్ ఉల్మర్. జీపీఎస్‌ని కావాలని వంద మీటర్ల దాకా తప్పు చూపించేలా ఉంచిన పద్ధతిని అమెరికా 2000 మే మొదట్లో ఎత్తేసింది. ఎత్తేసిందో లేదో, మే 3న ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర ఓ బకెట్టు పెట్టి అక్షాంశ రేఖాంశాలు బయటపెట్టాడు. నల్ల ప్లాస్టిక్ బకెట్టు, చాలావరకు నేలలో పాతిపెట్టి ఉంటుంది, చూసుకోండి అన్నాడు. అంతే. రంగేమిటి, సరుకేమిటి, ఎలా ఉంది, అన్నీ వచ్చేశాయి. మూడు రోజుల్లో రెండుసార్లు దొరికింది, మొదట మైక్ టీగ్ అనే ఆయనకి. నేలలో పాతడాన్ని తర్వాత రూల్స్‌లో కట్టడి చేశారు, అది మంచిదే. కానీ ఉన్నదున్నట్టు చెప్పడాన్ని ఎవరూ నిషేధించలేదండీ.

ఇక ఎవరి కంటా పడకుండా వెతకాలన్న రూలు ఒకటుంది. అది రాసినవాళ్లు గోదావరి జిల్లా చూసి ఉండరు. ఇక్కడ బండి ఆపి స్టాండు వేసేలోపే "ఎవరింటికండీ?" అని వినిపిస్తుంది. ఎవరింటికీ కాదంటే మరీ చిక్కు. చేతిలో ఫోను, చూపు నేల మీద, నాలుగడుగులు ముందుకి, రెండు వెనక్కి. ఆ నడక చూసి నలుగురూ చేరారు. రీసర్వే వాళ్లా అన్నాడొకాయన, తన సరిహద్దు రాయి ఉన్న చోటే ఉందో లేదో ఓ చూపు చూసుకుంటూ. గ్యాసువాళ్లేమో అన్నారు ఇంకొకరు. వాళ్లని తప్పుపట్టను. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి మనుషులు కాలిపోయిన సీమ ఇది. పరాయివాడు నేల చూస్తూ తిరిగితే అడగాలి, గట్టిగా అడగాలి.

అప్పుడు మాట్లాడింది నా మిత్రుడు. ఆయనది నరసాపురం. డబ్బా పేజీలో నేను "దొరకలేదు" అని రాసింది చూసి, బండితో సహా పంటు ఎక్కి వశిష్ఠ పాయ దాటి, సఖినేటిపల్లి రేవులో దిగి ఇంత దూరం వచ్చాడు. చాలాకాలం ఆయన నాకు లాగ్ కాగితాల మీద ఓ మారుపేరు మాత్రమే. డబ్బాల్లో నా సంతకం పైనో కిందో ఆ పేరు కనిపిస్తుండేది. ఇంట్లోవాళ్లు తలపట్టుకునే ఈ పిచ్చి ఇంకొకరికీ ఉందని తెలియడం ఎంత ధైర్యమో తమరికి తెలియదు, తమరికి చుట్టాలు లేరు. ఆయన సంచిలో చుట్ట చుట్టిన లాగ్ కాగితం లాగే పట్టకారు, సాగదీస్తే చెయ్యంత పొడవయ్యే అయస్కాంతం కడ్డీ, తోలు గ్లవుజులు, ఇద్దరికీ సరిపడా పెరుగన్నం ఉంటాయి. ఇలాంటి మనిషి, ఆట గుట్టు కాపాడాలన్న నిష్ఠతో, జనం వైపు తిరిగి "బండి తాళం పోయిందండీ" అన్నాడు.

అంతే, ఊరు కదిలింది.

పిల్లలు గడ్డిలో దిగారు. ఒకావిడ చీపురు తెచ్చి ఎండుటాకులు ఊడ్చేసింది. దింపు తీసే కుర్రాడు పైనుంచి బాగా కనిపిస్తుందని చెట్టెక్కాడు, ఎక్కినవాడు ఊరికే దిగడం దేనికని రెండు బొండాలు కొట్టుకొచ్చాడు. చెంబుతో మజ్జిగ వచ్చింది. ఇంకొకాయన డూప్లికేట్ తాళం చేయించేస్తే గొడవుండదని మెకానిక్‌కి ఫోన్ కొట్టేశాడు, మేం వద్దంటున్నా. మిత్రుడు ఇదే సందని కాకినాడలో ఉన్న ఇంకో మిత్రుడికి ఫోన్ చేశాడు. ఈ డబ్బాని మొదట్లో పట్టుకున్నది ఆయనే. "కొంచెం ఎడమకి గురువుగారూ" అన్నాడాయన. ఏ ముఖంగా నిలబడితే ఎడమ అని అడిగితే, అంతకుమించి చెబితే ఆట మర్యాద పోతుందట! ఇక్కడ మా మర్యాద పోతోంది నాయనా అంటే నవ్వాడు.

ఇంతలో ఓ బుడతడు మా బండి చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చి అందరికీ వినపడేలా అన్నాడు: "తాళం బండికే ఉందిగా!"

మా ఇద్దరి ముఖాలూ చూడాల్సింది. ఇక దాచి లాభం లేదని మొత్తం చెప్పేశాం, ఉపగ్రహాల దగ్గర్నుంచి డబ్బా దాకా. అరుగు మీద తువ్వాలు వేసుకు కూర్చున్న పెద్దాయన అప్పటిదాకా నోరు విప్పలేదు. అంతా విని, హింటు ఏమిటన్నాడు. చెప్పాం.

"వంగిన చెట్టా? ఆ ముక్క ముందు చెప్పరేంటండీ! మా ఊళ్లో దాని పేరే అదండీ. పోయినేడు గాలివానకి కూలిపోతే, పనికొస్తుందని బోదె మీద అడ్డంగా వేశాం. ఇందాకట్నుంచీ తమరిద్దరూ దానిమీదేగా అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆయ్."

ఇక తమరూ గిమరూ ఏం లేదు. ఒరే హింటూ, నువ్వు కూలిపోయి ఏడాదయింది! నీ చెట్టు వంతెనయి జనాన్ని దాటిస్తోంది, మేకల్ని దాటిస్తోంది, చివరికి నన్నూ దాటించింది. నువ్వు మాత్రం కూర్చున్న చోటి నుంచి కదలకుండా "వంగిన కొబ్బరి చెట్టు" అని పాత పాటే పాడుతున్నావు. ఊళ్లో ఉన్న ప్రతివాడికీ తెలిసిన గుర్తువి నువ్వు. ఆ ప్రతివాడికీ నీతో పనిలేదు. పనుండి వచ్చినవాడికి నువ్వు చీకట్లో చెయ్యి. మొదలు దగ్గర మిగిలిన మోడు చుట్టూ కూడా గోకి చూశాం. డబ్బా లేదు, దాని మూత లేదు, ఎవరి సంతకాల ముక్కా లేదు.

నిన్ను రాసిన ఓనరు సంగతి కూడా విను. డబ్బా పెట్టినవాడే దాన్ని చూసుకోవాలన్నది ఈ ఆటలో మొదటి ఒప్పందం. అతగాడు ఈ ఊరి కుర్రాడే, ఉద్యోగం హైదరాబాదులో. "సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు చూస్తాను, హింటు కూడా మారుస్తాను" అని నీ పక్కనే రాసి ఉంది. వచ్చాడు. కోడిపందేల బరి దగ్గర చొక్కా గుండీలు విప్పుకుని దిగిన ఫోటోలు మేమందరం చూశాం. ఆ బరి ఈ గట్టుకి అరకిలోమీటరు ఉండదు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టేసి, ఈ కాలువలన్నిటికీ నీళ్లు పంపాడు. బాబుగారికి మూడు మాటలు మార్చడానికి తీరిక కుదరలేదు! మాటివ్వకుండా ఉండాల్సింది. ఆ మాట నమ్మి ఒక మనిషి గోదావరి పాయ దాటి వచ్చాడు. పెరుగన్నం మోసుకుని వచ్చాడు.

మిత్రుడు మాత్రం తిట్టలేదు. బొండం తాగి, మోడు మీద కూర్చుని పెద్దాయనకి ఆట రూల్స్ చెప్పడం మొదలెట్టాడు. ఆయనకి తెగ నచ్చేసింది. "ఒకటేంటండీ, ఇంటికోటి పెట్టేద్దాం" అన్నాడు. రెండు డబ్బాల మధ్య 161 మీటర్లు ఉండాలని చెబితే, "మా ఇంటికీ తమ్ముడింటికీ అంత లేదే" అని తెగ దిగులుపడ్డాడు. తర్వాత కాసేపు ఆలోచించి, కొత్త డబ్బా పెట్టినప్పుడు హింటు కింద తన పేరే రాసెయ్యమన్నాడు. వచ్చినవాళ్లు అరుగు దగ్గరికొచ్చి అడిగితే తనే దగ్గరుండి చూపిస్తాడట, ఎండగా ఉంటే భోంచేసి వెళ్లమంటాడట. అలా చూపించేస్తే ఆట ఉండదు పెద్దాయనా అని నేనన్నాను. "మరి ఇప్పుడున్నదేంటండీ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

నిన్న సాయంత్రం మిత్రుడికి ఫోన్ చేశాడట, ఈ ఆదివారం ఎవరైనా వస్తున్నారా అని. నీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాడని అర్థమైందా? నేను సిఫారసు చేస్తున్నాను.

ఇట్లు,
వంతెన మీద నిలబడి వంతెన కోసం వెతికినవాడు

తా.క.: మెకానిక్ నిజంగానే వచ్చాడు. తాళం బండికే ఉందని తెలిశాక కూడా వచ్చినందుకు రెండొందలు తీసుకున్నాడు. అందులో సగం ఓనరు దగ్గర వసూలు చేసిపెట్టగలవు.